పెళ్ళికూతురి వేళ్ళు, కెప్టెన్ పంతం

అది 2024 వేసవి. జెద్దా రేవులో ప్రయాణికుల ఓడలు నడిపే ఒక కంపెనీకి నేను షిప్ ఏజెంట్‌ని. ఓడ ఒడ్డుకు చేరింది మొదలు తిరిగి కదిలేదాకా కస్టమ్స్, జవాజాత్ అనే పాస్‌పోర్ట్ శాఖ, కెప్టెన్, వీళ్ళందరి చివాట్లూ తినడం నా ఉద్యోగం. కాకినాడ వాణ్ణి కాబట్టి ఓడలు కొత్త కాదు. చివాట్లు ఇక్కడికొచ్చాక అలవాటయ్యాయి.

ఆ రోజు సూడాన్ నుంచి వచ్చిన ఓడలో ముగ్గురిని జవాజాత్ ఆపేసింది. ఆమ్నా అనే కొత్త పెళ్ళికూతురు, ఆమె తల్లి, పిన్ని. వరుడు జెద్దాలో ఉండగానే, అతని తరఫున పెద్దలు సూడాన్‌లో పెళ్ళి జరిపించేశారు. ఇప్పుడతను గేటు బయట పూలు పట్టుకుని నిలబడ్డాడు. వీసాలు సరిగ్గానే ఉన్నాయి గాని, వీసా కోసం ఇచ్చిన వేలిముద్రలతో ఇప్పటివి కలవడం లేదు.

ఇలాంటి వాళ్ళని మేం ఇన్‌అడ్మిసిబుల్ అంటాం. అంటే, దేశంలోకి రానివ్వరు, తెచ్చిన ఓడే వెనక్కి తీసుకెళ్ళాలి.

"మీరే తెచ్చారు, మీరే తీసుకెళ్ళండి" అంది జవాజాత్ అధికారిణి నూరా.

"ఎక్కేటప్పుడు మీ సిస్టమే ఓకే అంది. ఇప్పుడు నేనెందుకు తీసుకెళ్ళాలి?" అన్నాడు కెప్టెన్.

మా మేనేజర్ ఫోన్లో "వెనక్కి తీసుకెళ్తామనే కాగితం మీద సంతకం పెట్టొద్దు!" అని ఒకటే కేక. పెట్టకపోతే ఓడ కదలదు. పెడితే ఆ పిల్ల మొగుడి మొహం చూడకుండానే సాయంత్రం వెనక్కి పోతుంది. అక్కడ యుద్ధం నడుస్తోంది, మళ్ళీ ఎప్పటికొస్తుందో ఎవరికీ తెలీదు.

ఇంటికి ఆలస్యమవుతుందని చెప్పడానికి నా భార్య మేరీకి ఫోన్ చేశాను. తను ఇక్కడే హాస్పిటల్లో నర్సు. సంగతంతా విని పకపకా నవ్వింది.

"ఏవండీ, కొత్త పెళ్ళికూతురంటున్నారు, ఆ వేళ్ళొకసారి చూశారా? మా చెల్లి పెళ్ళికి గోరింటాకు టోపీలు పెట్టుకొచ్చినప్పుడు మా హాస్పిటల్లో హాజరుకి వేలిముద్ర వేసే మిషను నన్ను గుర్తు పట్టిందా? నిమ్మచెక్కతో రుద్దించండి."

పొద్దుట్నుంచీ పాస్‌పోర్టులు తిరగేస్తున్నాను గాని, చేతుల వంక చూడనే లేదు. ముగ్గురి వేళ్ళూ మొదటి కణుపు దాకా సూడాన్ వాళ్ళ గోరింటాకుతో నల్లగా నిగనిగలాడుతున్నాయి!

నూరా తల పట్టుకుని నవ్వేసింది. "ఓడ కదిలేలోగా ముద్ర పడితే చాలు" అంది. క్యాంటీన్ నుంచి నిమ్మకాయలు తెప్పించాను. తీరా చూస్తే తల్లి అడ్డం పడింది.

"పెళ్ళికొడుకింకా చూడనే లేదు! అప్పుడే కడిగేస్తారా?"

నూరా వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

"అమ్మా, వేలి లోపలివైపు చాలు. గోళ్ళవైపు అలాగే ఉంచుదాం, అది అల్లుడుగారిది."

అప్పటికి ఒప్పుకుంది. పొద్దుట్నుంచి భీష్మించుకు కూర్చున్న కెప్టెన్ కూడా కుర్చీ లాక్కుని నిమ్మకాయలు కోసివ్వడం మొదలుపెట్టాడు. తల్లివీ పిన్నివీ ముద్రలు పడ్డాయి. ఆమ్నావి పడలేదు. మళ్ళీ రుద్దారు. నూరా తన బ్యాగులోంచి క్రీమ్ తీసి రాసింది. ఆమ్నా మళ్ళీ వేలు పెట్టింది. మిషను మీద పచ్చలైటు వెలిగింది.

తల్లి, వాళ్ళ పెళ్ళిళ్ళలో సంతోషంతో వేసినట్టే గొంతెత్తి "లులులులు" అని కేక వేసింది. హాలంతా చప్పట్లు. బయటున్న పెళ్ళికొడుక్కి ఆ కేకతోనే సంగతి తెలిసిపోయింది. పూలు ఎవరి చేతుల్లోనో పెట్టి గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

ఇప్పుడు మా కంపెనీ టికెట్టు ఇచ్చేచోటే చెబుతుంది, గోరింటాకు పెట్టుకునేదుంటే దిగాక పెట్టుకోమని. నేను మాత్రం ఆ గేటు దగ్గర వేరే పాఠం నేర్చుకున్నాను. ఆమ్నా బయటికి రాగానే అతను కాగితాలేం అడగలేదు. ముందు ఆమె చేతులు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. పొద్దున్నే నేను చెయ్యాల్సిన పని అదే.