ఈనె ఆగిన చోటు

పొడుగాటి ఇనప కడ్డీలో ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా రంధ్రం వేయడమంటే జనం తేలిగ్గా తీసుకుంటారు. డ్రిల్లు తిరుగుతుంది, ఇనుము తెగుతుంది, ఇందులో ఏముంది అంటారు. వాళ్లకు చెప్పి నోరు నొప్పి తెచ్చుకోవడం నేను మానేశాను. లోపలికి వెళ్లేకొద్దీ డ్రిల్లు తన ఇష్టమొచ్చినట్టు పక్కకు పోతుంది. బయట నిలబడి చూసేవాడికి అది తెలియనే తెలియదు.

పలాసలో మా లేతు షాపు మా బావది, అంటే అక్క భర్తది. నాకు పని నేర్పింది ఆయనే. జీడి ఫ్యాక్టరీల షాఫ్టులూ, వజ్రపుకొత్తూరు వైపు పడవల ఇంజన్ సామానూ మా దగ్గరికే వస్తాయి. మా డ్రిల్లు సగం దాకానే అందుతుంది కాబట్టి ఒక చివర నుంచి సగం వేసి, కడ్డీ తిప్పి బిగించి, రెండో చివర నుంచి మిగతా సగం వేస్తాం. రెండూ మధ్యలో సరిగ్గా కలవాలి. కలిశాయో లేదో చూడటానికి బావ కొబ్బరి ఈనె దూరుస్తాడు. ఎక్కడా తగలకుండా అవతలికి వస్తే పని బాగున్నట్టు, మధ్యలో ఆగితే డ్రిల్లు దారి తప్పినట్టు. చుట్టూ కొబ్బరి తోటలే, మా ఉద్దానంలో ఈనెలకేం కరువు.

బావకు కిడ్నీలు పోయాయి. మా వైపు ఈ మాట చెబితే ఎందుకని ఎవరూ అడగరు, డయాలసిస్ ఎక్కడ చేయిస్తున్నారని అడుగుతారు. డయాలసిస్ సూదుల కోసం ఆయన ఎడమ చేతికి ఆపరేషన్ చేశారు, ఇక ఆ చేత్తో బరువు పట్టకూడదు. డ్రిల్లును నడిపే చక్రం కుడిచెయ్యి ఒక్కదానితోనే తిప్పాలి. కాస్త లోపలికి వెళ్లగానే డ్రిల్లును పూర్తిగా బయటికి లాగి, ఇనప పొట్టు దులిపి, మళ్లీ పంపాలి. లాగకపోతే పొట్టు ఇరుక్కుని డ్రిల్లు వంగుతుంది. బావ లాగడం తగ్గించాడు. నేను చూస్తూనే ఉన్నాను.

"బావ సేత పని ఆపించీమంటావా అక్కా?" అని అడిగాను. అక్క చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "మీ బావ మిసను కాడున్నంతసేపే మనిసిరా. మంచమెక్కితే మరి లెగడు. నీ ఇట్టం" అంది. ఆ చివరి మాటంత దుర్మార్గమైన మాట ఇంకోటి లేదు.

ఆ రోజుల్లోనే ఒక జీడి ఫ్యాక్టరీ షాఫ్టు వచ్చింది. దాని రంధ్రం గుండా ఆవిరి పోతుంది, పక్కనే ఆడవాళ్లు నిలబడి పనిచేస్తారు. ఇనుము ఒక వైపు పల్చబడితే ఏమవుతుందో బావకు నాకంటే బాగా తెలుసు. ఆయనే వేశాడు. ఈనె దూర్చాడు. మధ్యలో ఆగింది.

బావ ఈనె బయటికి తీసి, "ముదురుదిరా ఇది" అని చాకుతో గీకడం మొదలుపెట్టాడు. దారమంత సన్నగా అయ్యేదాకా గీకాడు. అప్పుడు దూరిస్తే వంగుకుంటూ అవతలికి వచ్చింది. "సూడు, వొచ్చీసింది" అన్నాడు. వేరేవాళ్ల పనిలో వెంట్రుకవాసి తేడా కనబడితే సామాను రోడ్డు మీదికి విసిరేసే మనిషి ఆయన. నాకు కోపం రాలేదు, భయం వేసింది.

"కోసి సూద్దాం బావా."

"కోత్తే మరి పనికిరాదు కదరా."

"రాకపోనీ."

రెండు రంధ్రాలూ కలిసిన చోటుకు కాస్త ఇవతలగా తెగేటట్టు షాఫ్టును రంపం మిషను మీద పెట్టాను. అది తెగుతున్నంతసేపూ బావ స్టూలు మీద కూర్చుని రోడ్డు మీది ఆటోలు చూశాడు. ముక్క విడిపోయింది. ఒక పక్క ఇనుము రెండు వేళ్ల మందం, ఇంకో పక్క చిటికెన వేలంత కూడా లేదు. బావ ఆ పల్చటి వైపు వేలితో తడిమి, "మీ అక్కకి సెప్పకు" అన్నాడు.

కొత్త కడ్డీ తెచ్చి నేనే బిగించాను. బావ ఆ స్టూలు మీదే ఉన్నాడు. నేను పని నేర్చుకున్న నాటి నుంచీ ఆయన నోటి వెంట ఒక్క మెచ్చుకోలు వినలేదు. డ్రిల్లు చప్పుడు కాస్త మారితే చాలు, టీ కొట్టు దగ్గరున్నా అక్కడినుంచే బూతులు అందుకునేవాడు. ఆ తిట్లు కావాలనిపించింది. కావాలనే డ్రిల్లు బయటికి లాగకుండా లోపలికి తోస్తూ పోయాను. పొట్టు ఇరుక్కుంది. చక్రం బిగుసుకుంది. డ్రిల్లు కీచుమని అరిచింది, పొగ లేచింది. బావ ఇటు తిరగనైనా లేదు.

"బాగానే ఏత్తన్నావురా" అన్నాడు.

నేనే మిషను ఆపి డ్రిల్లు బయటికి లాగాను.