కాటా మరిది, జెట్ స్కీ డొప్ప

మా మరిదికి ఏ వస్తువు చూసినా ఒకటే బాధ, అది ఉండాల్సిన దానికంటే బరువుగా ఉందని. చేతికి అందిందల్లా ఒకసారి పైకి ఎగరేసి పట్టుకుంటాడు, పెదవి విరుస్తాడు, "ఇందులో సగం అనవసరం" అంటాడు. తర్వాత కూర్చుని ఆ సగం తీసేస్తాడు. వీధిలో అందరూ అతన్ని కాటా అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. అతనికి కోపం రాదు. పేరు చిన్నది, మొయ్యడం సులువు అంటాడు.

కళ్లజోడుకి రెండు కాడలెందుకని ఒకటి పీకేశాడు. అప్పటినుంచి జోడు జారకుండా తల ఒక పక్కకి వంచి నడుస్తాడు. కొత్తవాళ్లు చూసి, పాపం మనం చెప్పేది ఎంత శ్రద్ధగా వింటున్నాడో అని మురిసిపోతారు. ఇంట్లో గరిటెల కాడలన్నిటికీ చిల్లులే. చొక్కాలకి అడుగు బొత్తాలు ఉండవు. దువ్వెనకి ఒక పక్క పళ్లు ఉండవు, ఆ పక్క జుట్టు ఎలాగూ పోయింది కదా అంటాడు. మా తోడికోడలు ఒకసారి నా దగ్గర కూర్చుని, "ఏదో ఒకరోజు నన్ను చూసి కూడా ఇందులో సగం అనవసరం అంటాడక్కా" అని దిగులుపడింది. ఆమె కాస్త భారీ మనిషి.

అతను పనిచేసేది ఫైబర్ షెడ్డులో. నీళ్ల తొట్లు, తలుపులు, చిన్న చిన్న పడవలు చేస్తారు. ఆ షెడ్డు యజమాని ఒకసారి వీళ్లింటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కాళ్లన్నీ లోపల తొలిచేసిన కుర్చీ అది. విరగలేదు. నెమ్మదిగా, మర్యాదగా, ఒక్కో కాలూ పక్కకి చాపుకుంటూ ఆయన్ని నేలమీద దించింది. మా మరిది ఆయన్ని లేపకుండా చుట్టూ ఒకసారి తిరిగి, "కుర్చీలో లోపం లేదండి" అన్నాడట. అయినా ఉద్యోగం పోలేదు. అంత పల్చగా ఫైబర్ పరిచే చెయ్యి ఇంకోటి లేదు మరి.

మా ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా ఇదే ధోరణి. వచ్చీరాగానే దిండు ఎత్తి చూసేవాడు, దుప్పటి ఎత్తి చూసేవాడు, మంచం పక్క బల్ల ఎత్తి చూసేవాడు. నర్సులు నవ్వుకునేవాళ్లు. చివరి రోజుల్లో మా ఆయన్ని స్నానాల గదికి తీసుకెళ్లడం మరిది పనే. అప్పటికి మా ఆయన ఎండుపుల్లలా అయిపోయాడు, నేనే ఒంటిచేత్తో పక్కకి తిప్పగలిగేదాన్ని. మరిది మాత్రం ఎత్తుకుని ఆయాసపడుతూ, "తిండి తగ్గించు అన్నయ్యా, నడుం పోతోంది" అనేవాడు. మా ఆయనకి ఆ మాట ఎంత ఇష్టమో. మర్నాడు కూడా అడిగి అనిపించుకునేవాడు.

ఆయన పోయిన రోజున పాడెకి ముందు కుడిపక్క భుజం పట్టింది అతనే. బరువు గురించి ఏదో ఒకటి అంటాడని అలవాటుగా ఎదురుచూశాను. ఏమీ అనలేదు.

ఆయన పోయాక ఇంటి పక్క షెడ్డులో ఒక డొప్ప మిగిలింది. జెట్ స్కీ అంటారు దాన్ని. నీళ్ల మీద పరిగెత్తే బండి. దీనికి సీటుండదు, నిలబడి నడపాలి. ఎవరెవరో వాడి, గుద్ది, అతుకులేసి వదిలేసినదాన్ని మా ఆయన కొనుక్కొచ్చాడు. మా అమ్మాయి కోసం. అది చిన్నప్పటినుంచి నీళ్లలోనే పెరిగింది, కానీ పిట్టంత మనిషి. "నువ్వొక్కదానివే ఎత్తి ఒడ్డున పెట్టుకునేంత తేలిక చేసిస్తా" అని దానికి మాటిచ్చాడు. ఇంజను విప్పి బల్లమీద పెట్టాడు, డొప్పని చెక్కదిమ్మల మీదకి ఎక్కించాడు, ఒక పక్క రంగు గీకాడు. అంతవరకే అయింది.

మధ్యాహ్నాలు వంటిల్లు సర్దేశాక నేను షెడ్డులోకి వెళ్లి కూర్చునేదాన్ని. ఏమీ చేసేదాన్ని కాదు. ఆయన గీకిన చోట గరుగ్గా ఉంటుంది, గీకని చోట నున్నగా ఉంటుంది. చెయ్యి పెట్టి చూసి వచ్చేదాన్ని. ఇంట్లో ఆయన సగంలో వదిలేసిన పని అదొక్కటే. మిగతావన్నీ పూర్తి చేసే వెళ్లాడు.

కొన్ని నెలలకి మా అమ్మాయి బాబాయిని పిలుచుకొచ్చింది. నాన్న మొదలుపెట్టింది నువ్వు పూర్తి చెయ్యి, చెరువులో దింపుతాను అంది. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని డొప్పని వాకిట్లోకి తేబోయారు. నేను మంచినీళ్ల గ్లాసులతో షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాను. నిలబడే ఉన్నాను. మా అమ్మాయి, "అమ్మా, జరుగు" అంది. కాళ్లు కదల్లేదు. మరిది నా చేతిలో గ్లాసు తీసుకుని ఎగరేసి చూసి, నీళ్లతో సహా, "బయట గాలెక్కువ, ఫైబర్ దుమ్ము ఊరంతా లేస్తుంది. లోపలే చేద్దాం" అన్నాడు. అతని చొక్కా తడిసింది. డొప్ప మళ్లీ దిమ్మలెక్కింది.

ఆ రోజునుంచి మా ఇల్లు ఇల్లు కాదు. ముందు రంగులు గీకాడు. పైన నీలం, దాని కింద పసుపు, ఇంకా కింద ఎరుపు. కొన్న ప్రతివాడూ పాతది గీకకుండా పైన పూశాడని, వాళ్లందరూ కలిసి తనమీద కక్షగట్టారని రోజంతా గొణుగుడే. తర్వాత కడుపులో ఉన్న ఫోమ్ తవ్వాడు. అది ఏళ్ల తరబడి నీళ్లు తాగి, పిండని బొంతలా ఉంది. చిల్లుల గరిటె తెచ్చుకుని దానితోనే తవ్వాడు. గరిటెకి అసలు పని ఇప్పుడు దొరికిందన్నాడు. దాని బదులు కొత్త ఫోమ్ పోశాడు, తిరగబడితే మునిగిపోకూడదు కదా. పాత అతుకులన్నీ గ్రైండరుతో అరగదీసి, ఒక్కో చోట ఒక్క పొర సన్నటి గుడ్డ రెజిన్ జిగురులో తడిపి పరిచాడు. ఇనప బోల్టులు తీసేసి అల్యూమినియంవి వేశాడు. వాటి తలల్ని కూడా అరగదీశాడు.

ఫైబర్ దుమ్ము ఒంటికి పట్టిందంటే దురద. మరిది గోక్కుంటూ వస్తాడు, గోక్కుంటూ పోతాడు. "చర్మం కూడా అనవసరమనుకున్నాడేమో, దాన్నీ తగ్గిస్తున్నాడు" అని తోడికోడలు అందరికీ చెప్పేది. షెడ్డు ఊడవడం నా పని. ముక్కులోకి మాత్రం చెయ్యి పెట్టొద్దని, పోగులు గుచ్చుకుంటాయని అతను ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ముక్కంటే డొప్ప ముందు భాగం, లోపల చీకటిగా సొరంగంలా ఉంటుంది.

వారానికోసారి తూకం. దూలానికి గొలుసు, గొలుసుకి గుండ్రటి కాటా, దానికి పట్టీలతో డొప్పని వేలాడదీస్తాడు. కాటా మొహం మీద ఎర్రరంగుతో ఒక గీత గీశాడు. ముల్లు ఆ గీత దగ్గరికి దిగి వచ్చాకే ఇంజను ఎక్కిస్తానన్నాడు. అంతకు ముందు ఎవరు చెప్పినా వినేది లేదు, దేవుడు చెప్పినా వినేది లేదు. మొదట్లో ముల్లు వారం వారం దిగింది. తర్వాత గీతకి కాస్త పైనే ఆగిపోయింది. ఆగినది ఆగినట్టే ఉంది. మరిది తల వంచి, కళ్లజోడు సర్దుకుని, "ఇంకా ఉంది" అనేవాడు. మళ్లీ గరుకు కాగితం తీసేవాడు.

నాకు మాత్రం ఆ ముల్లు అక్కడ ఆగిన ప్రతిసారీ లోపల కాస్త నిమ్మళంగా ఉండేది. ఇంకో వారం ఉంటుంది కదా అనుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు.

వానలు వచ్చాయి, పోయాయి. చెరువులో అమ్మాయి స్నేహితులందరూ బళ్లు దింపారు. మా పిల్ల ఒడ్డున నిలబడి చూసి వచ్చేది. బతిమాలింది, అలిగింది. చివరికి ఒక సాయంత్రం తూకం దగ్గర నోరు జారింది.

"నాన్న ఉంటే ఈపాటికి నేను నీళ్లమీద ఉండేదాన్ని. నీ పిచ్చికి నాన్న బండే దొరికిందా బాబాయ్?"

మరిది గీకుతూనే ఉన్నాడు. "ఇంకా ఉందమ్మా" అన్నాడు.

ఆ తర్వాత అది అతనితో మాట్లాడటం మానేసింది. చెరువు దగ్గర ఇంకో మెకానిక్కు ఉన్నాడని, బండి అతనికి ఇచ్చేస్తానని, రేపు పొద్దున్నే ట్రాలీ వస్తుందని నాకు చెప్పి వెళ్లిపోయింది. మరిదికి కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. విని, పొద్దున్న వస్తానన్నాడు. ఆ రోజు గోక్కోలేదు కూడా.

పరాయి చేతికి వెళ్తోంది కదా, ఒకసారి శుభ్రంగా తుడిచి పంపుదామని ఆ మధ్యాహ్నం తడిగుడ్డ పట్టుకుని కూర్చున్నాను. పిల్లని బడికి తయారు చేసినట్టు మూలమూలలా తుడిచాను. ముక్కులోకి చెయ్యి పెట్టొద్దన్న సంగతి గుర్తుంది, అయినా పెట్టాను. పోగులేమీ గుచ్చుకోలేదు. మెత్తగా, బరువుగా ఏదో తగిలింది. రెండు చేతులా లాగితే గానీ రాలేదు. ఇసకతో నింపిన గుడ్డ సంచి.

ఎలకేదో చచ్చి ఉన్నా అంత ఆశ్చర్యపోయేదాన్ని కాదు. బొత్తాలు బరువని కత్తిరించే మనిషి పనిచేస్తున్న చోట, ఇంత ఇసక. సంచి తిప్పి చూశాను. కుట్టు గుర్తుపట్టాను. వంకరగా పోయి, చివర్లో గబగబా ముడేసే కుట్టు. మా తోడికోడలిది.

సంచి చంకన పెట్టుకుని వెళ్లి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె దాన్ని చూసి, నన్ను చూసి, "దొరికిందా" అంది. ఇసక కారుతోందని తనచేత రెండోసారి కూడా కుట్టించాడని చెప్పింది. బరువు తగ్గించి ఎన్ని తిట్లు తిన్నా హాయిగా నిద్రపోయే మనిషి, ఈ బరువు పెట్టిన రోజున ముద్ద ముట్టలేదట.

"ఎప్పుడు అయిపోయింది పని?" అని అడిగాను.

"వానలకి ముందే. వదిన ఇంకా గుమ్మంలోనే ఉంది, ఆమె జరిగేదాకా అది కదలదు అన్నాడు. అమ్మాయి నిన్ను తిట్టిపోస్తోందయ్యా, చెప్పెయ్యి అన్నాను. నన్ను తిడితే నాలుగు రోజుల్లో మర్చిపోతుంది, వాళ్లమ్మని ఒక మాట అంటే ఇద్దరూ మర్చిపోలేరు అన్నాడు. నేనేం చెప్పనక్కా. అప్పుడప్పుడూ తిక్కలోంచి ఇలాంటివి ఊడిపడతాయి."

సంచి ఆమె దగ్గరే వదిలేసి ఇంటికి వచ్చాను. షెడ్డు దాకా వెళ్లి, లోపలికి వెళ్లకుండా వెనక్కి వచ్చేశాను.

పొద్దున్నే ట్రాలీ వచ్చింది. మరిది వచ్చాడు. అమ్మాయి అతనివైపు చూడకుండా పట్టీలు విప్పబోయింది. పంపేముందు ఆఖరుసారి తూచమన్నాను నేను. ఎందుకమ్మా అంది. నాకోసం అన్నాను.

మరిది గొలుసు లాగాడు. డొప్ప లేచింది. ముల్లు ఊగింది, ఊగి ఊగి, ఎర్రగీత దాటి ఇంకా కిందకి వెళ్లి నిలబడింది.

అమ్మాయి నోరు తెరిచింది. మరిది కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. తల ఈ పక్కకి వంచి చూశాడు, జోడు జారుతున్నా ఆ పక్కకి వంచి చూశాడు. తర్వాత ఏదో దుమ్ము తుడుస్తున్నట్టు ముక్కులోకి చెయ్యి పెట్టాడు, మోచేతిదాకా, భుజందాకా. లోపల అటూ ఇటూ దేవాడు. చెయ్యి బయటికి తీసినప్పుడు అతని మొహంలో రక్తం లేదు. నావైపు చూడలేదు. ఇన్నేళ్లలో పెళ్లాం మాటకన్నా, యజమాని మాటకన్నా, ఆ కాటా మాటనే నమ్మిన మనిషి, అమ్మాయివైపు తిరిగి, "కాటా చెడిపోయింది" అన్నాడు.

"కాటా బాగానే ఉందయ్యా" అన్నాను. నేను అప్పటికే గుమ్మం దిగి వాకిట్లో ఉన్నాను. "బయటికి తియ్యండి."

అతను నన్ను చూశాడు. అమ్మాయికి ఇవాళ్టికీ ఆ సంచి సంగతి తెలియదు. బాబాయి గీకి గీకి చివరికి సాధించాడనుకుంటోంది, అలాగే అనుకోనీ. మరిది గొలుసు వదిలి డొప్పని దిమ్మల మీదకి దించాడు. మా అమ్మాయి పట్టీలు విప్పి, డొప్ప కింద చేతులు పెట్టి, మోకాళ్లు వంచి లేపింది. ఒక్కతే. గుమ్మం దాటి, తూలుతూ, ఆగుతూ, వాకిలి మధ్యకి మోసుకొచ్చి దించింది. ట్రాలీ అతనికి టీ ఇచ్చి, ఖాళీ బండి వెనక్కి పంపేశాం.

షెడ్డులో దిమ్మలు మాత్రం మిగిలాయి. అటు చూశాను. చూసి ఊరుకోలేక, కొళాయి గొట్టం లాక్కొచ్చి డొప్ప మీద ఇన్నాళ్ల దుమ్మంతా కడగడం మొదలుపెట్టాను. కళ్లు కూడా ఆ నీళ్లతోనే కడుక్కున్నాను. మరిది పరిగెత్తుకొచ్చి నాకూ డొప్పకీ మధ్య నిలబడ్డాడు.

"నీళ్లు పొయ్యకండి వదినా, తడిస్తే బరువెక్కుతుంది."

మా అమ్మాయి వారాల తర్వాత అతని మొహం చూసింది. "బాబాయ్," అంది, "అది నీళ్లలోనే కదా తిరిగేది."

మరిది తల ఒక పక్కకి వంచి, నా చేతిలో గొట్టం అందుకుని, నీళ్లతో సహా ఎగరేసి చూశాడు.