నైట్ అవుట్‌కి జోడీ

లాక్‌డౌన్లు ఎత్తేసిన మరుసటి వేసవిలో నన్ను డెల్టాలో ఒక బస్సు డిపోకి ట్రాఫిక్ కంట్రోలర్‌గా వేశారు. ఏ బస్సుకి ఏ డ్రైవరు, ఏ కండక్టరు అన్నది తేల్చి రోజూ డ్యూటీ చార్టు వెయ్యడం నా పని. పెళ్లి సంబంధాలు కుదర్చడం ఇంతకన్నా సులువు.

అందులో అసలు తలనొప్పి నైట్ అవుట్. చివరి ట్రిప్పు బస్సు కాలవగట్టు ఊళ్లోనే ఉండిపోతుంది. డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుని, తెల్లారి మొదటి సర్వీసు తీస్తారు.

మా కండక్టరు రాజేష్ పాలకొల్లులో సుధీర్ అనే టైలరుతో ఉండేవాడు. స్నేహితులనే అనుకున్నాం. ఒకరోజు క్యాంటీన్లో ఎవరో పెళ్లి సంబంధం ఎత్తితే, "నాకు సుధీర్ ఉన్నాడండి. మేమిద్దరం కాపురం చేసుకుంటున్నాం" అని అందరి ముందూ చెప్పేశాడు. అంతే, అతనితో నైట్ అవుట్‌కి అడిగిన ప్రతి డ్రైవరూ రానన్నాడు. ఒకరికి నడుంనొప్పి, ఒకరి అత్తగారికి సుస్తీ. ఆ వారం మా డిపోలో చాలామంది అత్తగార్లు మంచం పట్టారు.

జోడీ దొరకని కండక్టరు స్పేర్‌లో, అంటే పని లేకుండా డిపోలో కూర్చోవాలి. అలా కొన్నాళ్లు గడిస్తే మిగులు సిబ్బంది కింద మెట్టకి, జంగారెడ్డిగూడెం వైపు పంపేస్తారు. సుధీర్ కుట్టు మిషన్లూ, బేరాలూ పాలకొల్లులో. "పంపెయ్యకండి సార్, ఇల్లు రెండు ముక్కలైపోద్దండి" అన్నాడు రాజేష్. నాకు మనసు చివుక్కుమంది, ఆ డ్రైవర్ల మీద ఒళ్లూ మండింది.

ఇక మిగిలింది ప్రకాశరావు గారు. లూథరన్ చర్చిలో సంఘ పెద్ద. సిగరెట్ వాసన తగిలితే చాలు, ప్రసంగం మొదలెట్టే డ్రైవరు. బెరుకుగానే అడిగాను.

"మా లైను చివర బండి తిప్పడానికి చోటెక్కడుందండి? అటు కాలవ, ఇటు పొలాలకి నీళ్లెళ్లే బోదె. వెనకాల విజిలేసేవోడు ఫోను చూసుకున్నాడంటే జనంతో సహా నీళ్లలోకే. రాజేష్ విజిలేస్తే నేను అద్దం కూడా చూడనండి. ఇంట్లో ఎవరితో ఉంటే నాకేంటండి? పైగా గురక నాది, భరించాల్సింది అతను" అన్నారు.

ఇద్దరికీ జోడీ వేశాను. నెల తిరక్కుండా చాలామంది అత్తగార్లకి నయమైంది. ఒకరిద్దరు మాత్రం చివరిదాకా మారలేదు.

ఆ ఏడే ప్రకాశరావు గారు కొత్తింటి ప్రార్థనకి పిలవడానికి డిపోకొచ్చారు. మా వైపు ఆలుమగల్ని జంటగా పిలవాలి. ఆయన అందరూ వింటుండగా, "రాజేష్ గారూ, మీరూ సుధీర్ గారూ ఇద్దరూ రావాలండి. ఒక్కరే వస్తే భోజనం పెట్టను" అన్నారు. రాజేష్ కళ్లు తుడుచుకున్నాడు. ఇద్దరూ వచ్చారు. చర్చి ఆడవాళ్లు సుధీర్‌ని జాకెట్ల మోడళ్లు అడుగుతూ తిండి కూడా తిననివ్వలేదు.

నేను నేర్చుకున్నది ఇది: అందరూ ఒప్పుకునేదాకా ఆగితే బస్సు డిపో దాటదు. పదిమందీ గౌరవించే ఒక్కరు పక్కన కూర్చుంటే చాలు, మిగతావాళ్ల దగ్గర సాకులు అయిపోతాయి.