నా ఎడమవైపు కాసిన మనిషి

నేను బాస్కెట్‌బాల్ ఆడి జీతం తీసుకునే మనిషిని. ఈ మాట చెబితే మా వీధిలో ఇప్పటికీ కొందరు నవ్వుతారు. ఆటల కోటాలో ఒక ప్రభుత్వ శాఖలో ఉద్యోగం వచ్చింది. కర్నూలు ఆఫీసులో నాకొక కుర్చీ ఉంది. దాని మీద నేను కూర్చునేది సగం పూటే. మిగతా సగం శాఖ జట్టుకు ఆడడం నా పని. జట్టులో చోటున్నంతవరకే ఈ ఏర్పాటు. చోటు పోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ కుర్చీయే. ఉద్యోగం పోదు, ఆట పోతుంది.

కాన్పుకు మైదుకూరులో అమ్మ వాళ్లింటికి వెళ్లాను. పాప పుట్టాక నాకు అన్నీ భయాలే. పాప గట్టిగా తుమ్మితే భయం, చాలాసేపు కదలకుండా పడుకుంటే ఇంకా భయం. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి తగులుతోందా అని చూసేదాన్ని. ఆ భయాలు అమ్మకు చెప్పుకునేదాన్ని. ఆట పోతుందేమోనన్న భయం మాత్రం ఎవరికీ చెప్పుకోలేకపోయాను. చెబితే బిడ్డ కంటే బంతి ఎక్కువైందా అంటారు. ఎక్కువ కాదు. కానీ తక్కువ అని కూడా నా నోటితో అనలేను.

ఒకరోజు కోచ్ సార్ ఫోన్ చేశారు. కుశలం అడిగి, పాప బరువు అడిగి, చివరికి అసలు సంగతి చెప్పారు.

"నీకోసం చోటు పట్టి పెట్టలేనమ్మా. ట్రయల్స్‌కు రా. ఆడగలిగితే ఉంటావు, ల్యాకుంటే ల్యా. నా మీద కోపం పెట్టుకోవద్దు."

"పెట్టుకోను సార్" అన్నాను. పెట్టుకున్నాను.

నేను లేనప్పుడు నా చోట ఆడుతున్నది నా స్నేహితురాలే. ఎర్రగుంట్ల పిల్ల. వాళ్ల నాన్న సిమెంటు లారీ నడుపుతాడు. మేము మొదటిసారి కలిసింది కడపలో, స్కూలు పిల్లలుగా, ఒక మ్యాచ్‌లో. నా కాలు గట్టిగా తొక్కి, "నొచ్చిందా?" అని అడిగింది. పౌరుషానికి లేదన్నాను. "అయితే మళ్లా తొక్కుతా" అంది. తొక్కింది కూడా. అప్పటి నుంచి కాలేజీల్లో ఎదురెదురుగా ఆడాం. తర్వాత ఇద్దరికీ ఒకే శాఖలో ఉద్యోగం వచ్చింది. ఇద్దరం గార్డులమే, అంటే బంతిని మా వైపు నుంచి ఎదుటి రింగు దాకా తీసుకెళ్లి ఆట నడిపేవాళ్లం. ఆ పని ఒకరిది. ఆ ఒకరు అలిసిపోయినప్పుడే రెండోవాళ్లు బెంచీ మీద నుంచి లేస్తారు. పెళ్లికి ముందు, పెళ్లయ్యాక కూడా మొదట దిగేది నేను, లేచి వచ్చేది ఆమె.

ఊరూరా టోర్నమెంట్లకు వెళ్లినప్పుడు మా ఇద్దరికీ ఒకే గది. ఉన్న ఒక్క బకెట్లో తను ముందుగా సాక్సులు నానబెట్టేసేది. నా తలకు తనే నూనె పెట్టేది. నా జ్వరానికి తను రాత్రంతా కూర్చుంది. ఇంత చేసిన మనిషి ఏనాడూ "నువ్వే బాగా ఆడతావులే" అని మాత్రం అనలేదు. నేనూ అనలేదు. ఆ మాట ఒక్కటి మా మధ్య లేకపోవడం వల్లే మిగతావన్నీ నిలిచాయని నాకనిపిస్తుంది.

నేను కుడిచేతి వాటం దాన్నే, కానీ ఎడమకు దూకుతాను. మొదటి అడుగులోనే ఎదుటి మనిషిని దాటేసేదాన్ని. నేను ఎడమకే వస్తానని అందరికీ తెలుసు, అయినా ఎవరూ ఆపలేకపోయేవాళ్లు. ఆమె ఒక్కతే సగం దాకా ఆపేది. నా ఎడమవైపు ఎప్పుడూ కాస్త జరిగి నిలబడేది.

పాపకు పాలిస్తూ ఫోన్లో ఆమె ఆడిన మ్యాచులు చూసేదాన్ని. ఆమె మంచి పాస్ ఇస్తే నాకు తెలియకుండానే "అదీ!" అనేదాన్ని. ఆ వెంటనే కడుపులో మంట. రెండూ నిజమే.

కర్నూలు తిరిగొచ్చాక ఆమెకు ఫోన్ చేశాను.

"ట్రయల్స్‌కు వస్తాండా."

"రా. రేపట్నుంచి పొద్దున్నే గ్రౌండ్‌కు రా, నాతో ఆడు."

"నీ చోటు కోసమే వస్తాండా, తెలుసా?"

"తెలుసు మే. నువ్వు పోయినాక నా ఎదురుగా ఒక చిన్నపిల్లను నిలబెట్టినారు. అక్కా అక్కా అని పక్కకు తప్పుకుంటాది. నా ఆట మొద్దుబారిపోతాండాది. బిన్నా రా, ఆలస్యం చేయాకు."

మా ఆయన డోన్‌లో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేస్తాడు, పొద్దున్నే రైలుకు వెళ్లిపోతాడు. పాపను చూసుకోవడానికి మా అత్త ఆదోని పక్క నుంచి వచ్చింది. నేను తెల్లవారకముందే పాలు పిండి, స్టీలు గిన్నెలో పోసి మూత పెడితే ఆమె ఆ గిన్నె వైపు అనుమానంగా చూసేది.

"యాడికి పోతాండావు తల్లీ ఈ చీకట్లో?"

"గ్రౌండ్‌కత్తా."

"పెండ్లయి, బిడ్డ పుట్టి, ఇంగా ఆ బంతిని ఇడ్సలేదా నువ్వు?"

"అదే నా ఉద్యోగం కదత్తా."

"ఉద్యోగమా! ఉద్యోగమంటే ఫ్యాను కింద కుచ్చునేది" అని పాపను భుజాన వేసుకునేది.

మా గ్రౌండ్‌లో కోర్టు సిమెంటుది. ఎండాకాలం ఎనిమిదింటికే కాలిపోతుంది. అందుకే సూర్యుడు రాకముందే మొదలుపెట్టేవాళ్లం. ఇద్దరమే ఆడేటప్పుడు మాకొక పద్ధతి ఉంది. చెయ్యి ఎవరు తగిలించారో వాళ్లే "నాది" అని, అంటే ఫౌల్ తనదని, చెప్పాలి. తగిలించుకున్నవాళ్లు నోరెత్తకూడదు. ఎప్పటి నుంచో ఇదే పద్ధతి. ఈ ఒక్క విషయంలో ఒకరినొకరు ఎప్పుడూ శంకించలేదు.

మొదటి వారం నేను మనిషిని కాదు. పది నిమిషాలకే ఆయాసం, పాలతో తడిసిన టీషర్టు, గోడ పక్కన పెట్టిన బ్యాగులో ఫోన్ మోగిందేమోనన్న అనుమానం. ఒకసారి బ్యాగు వైపు చూశాను, అంతే, నా చేతిలో బంతి లేదు.

"నీ బిడ్డ బాగుండాది" అంది, బంతిని రింగులో వేసి వస్తూ. "నీ బంతే బాగలేదు."

ఆట అయ్యాక బండి దగ్గర బొరుగుల ఉగ్గాని తినేవాళ్లం. పాలిచ్చే తల్లికి కారం పడదని అత్త మిరపకాయ బజ్జీ మానిపించింది. నా స్నేహితురాలేమో నా ఎదురుగా కూర్చుని, నన్నే చూస్తూ, ఒక్కో బజ్జీ కొరికేది.

రెండో వారం నుంచి నా బంతి రింగులో పడడం, మా మాటల్లో బుట్టలు పడడం, మొదలైంది. కుడివైపు నుంచి. ఎందుకంటే ఎడమకు దూకడం నాకిక చేతకావడం లేదు. ఎడమకు పోవాలంటే కుడికాలితో నేలను తన్నాలి. కాన్పు తర్వాత ఆ నడుము, ఆ తొడ నా మాట వినడం మానేశాయి. పరుగెత్తవచ్చని డాక్టరమ్మ చెప్పింది, పరుగెత్తుతున్నాను కూడా. కానీ ఆ మొదటి అడుగు రావడం లేదు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడి కుడికి పోవడం మొదలుపెట్టాను. పోతే అక్కడ ఎవరూ లేరు. దారి ఖాళీ. ఆమె పాత పద్ధతిలో నా ఎడమవైపు జరిగి నిలబడి, నేను కుడికి పోతుంటే చూస్తూ ఉండిపోయేది.

మొదట్లో సంబరపడ్డాను. తర్వాత నిద్ర పట్టలేదు. అంతటి ఆటగత్తె ఒక పక్క పక్కంతా వదిలేస్తుందా? జాలి పడుతోంది. బాలింత కదా, పోనీలే అనుకుంటోంది. పాపకు పాలిస్తుంటే ఇంకో ఆలోచన వచ్చింది: ఇక్కడ నన్ను గెలిపించి, ట్రయల్స్‌లో ఆ దారి మూసేస్తుందేమో. ఏది నిజమైనా నాకు నష్టమే. ట్రయల్స్‌లో సార్ ముందు నిలబడాల్సింది నేను.

మర్నాడు మళ్లీ కుడివైపు నుంచి బుట్ట వేసి, బంతిని చంకలో పెట్టుకుని నిలబడ్డాను.

"ఏమ్మే, ఆడు."

"నువ్వు ఆడు ముందు" అన్నాను. "ఏంటికి ఒదిలేస్తాండావు నన్ను?"

"ఏంది ఒదిలేసేది?"

"కుడిపక్క. గుడ్డోడు కూడా బుట్ట వేస్తాడు ఆడ్నుంచి. నా మీద జాలి పడొద్దు. జాలి పడేటట్లయితే నేను ఇంటికి పోతా."

ఆమె ముఖం ఎర్రబడింది. చెమట తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"జాలా? నీ మీదనా? ఎన్ని బుట్టలు వేయించుకున్యానో తెల్సా నీతో? ఇంటికి పోయి తలకాయ గోడకు కొట్టుకుంటాండా! ఎడమకు వస్తావు, ఇప్పుడొస్తావు, ఇప్పుడొస్తావు అని నిలబడుకుంటే నువ్వు రావు! ఏమే, ట్రయల్స్ కోసమని దాచిపెట్టుకున్యావు కదా దాన్ని?"

"దాచిపెట్టుకునేది ఏముంది? రావడంలేదు నాకు."

"ఏది?"

"ఎడమకు పోవడం. కాలు తన్నదు. కాన్పయినాంక పోయింది."

ఇన్నాళ్లుగా ఆమె కాస్తున్నది కాన్పుకు ముందటి పిల్లను. ఆ పిల్ల అక్కడ లేదు. ఉన్న మనిషి పక్కనుంచి నడిచిపోతూ బుట్టలు వేస్తుంటే, ఆమె లేనిదాని కోసం కాపలా కాసింది. నేను ఆమెది దయ అనుకున్నాను, ఆమె నాది మోసం అనుకుంది.

"థూ" అంది చివరికి. "రెండు వారాలు నిద్రల్యాకుండా చేసినావు." బంతి లాక్కుంది. "సరే. ఇప్పుడు చెప్పినావు కదా. ఇంగ చూడు."

ఇంటికి నడిచి వస్తుంటే నేను ఏం చేశానో తెలిసింది. నాకున్నది ఒక్కటే దారి. దాన్ని మూయగలిగిన ఒక్క మనిషికి నా నోటితోనే చెప్పాను.

ఆమె మూసేసింది. మర్నాటి నుంచి కుడివైపు గోడ కట్టినట్టు నిలబడింది. ఎడమకు పోలేను, కుడికి పోనివ్వదు. వరసగా మూడు నాలుగు రోజులు ఒక్క బుట్ట పడలేదు. ఒకరోజు కోర్టు మధ్యలో కూర్చుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. నీళ్ల సీసా పక్కన పెట్టి, తను ఒంటరిగా బంతులు వేసుకుంటూ ఉంది. ఏడ్చి లేచాను. ఇంటికి పోదామని అనిపించలేదు. ఆమెను దాటలేనప్పుడు ఎందుకు దాటాలి, అని మాత్రం అనిపించింది.

అప్పటి నుంచి దాటడం మానేశాను. ఆమెకు వీపు తిప్పి, నడుము అడ్డం పెట్టి, బంతిని అవతలి చేత్తో కొట్టుకుంటూ మెల్లగా వెనక్కి, రింగు వైపు, జరగడం నేర్చుకున్నాను. చిన్నప్పుడు నేను ఎప్పుడూ చేయని పని, వేగం ఉన్నవాళ్లకు అవసరం లేని పని. ఆమె చెయ్యి బంతికి అందేది కాదు.

"ఇంత వెడల్పు యాడ్నుంచి తెచ్చినావు మే?" అని వెనక నుంచి రొప్పుతూ అరిచేది.

"మైదుకూరు నుంచి. మా అమ్మ పెట్టిన నెయ్యి."

"నీ నెయ్యికి దండం. జరుగు!"

జరిగేదాన్ని కాదు. అలా వీపు తిప్పి నిలబడితే కోర్టంతా కనిపిస్తుందని కూడా అప్పుడే తెలిసింది. పరుగెత్తేటప్పుడు నాకు రింగు తప్ప ఏమీ కనిపించేది కాదు. గ్రౌండ్‌కు ఆట నేర్చుకోవడానికి వచ్చే చిన్నపిల్లల్ని ఇద్దరిని పిలిచి అటూ ఇటూ పరుగెత్తమని, వాళ్లకు పాసులు ఇచ్చేదాన్ని. ఆమె సర్దుకుని నిలబడేలోపే బంతి నా చేతిలో నుంచి వెళ్లిపోవాలి. అదే పని రోజూ.

ట్రయల్స్ కడపలో జరిగాయి. సార్ మా ఇద్దరినీ ఎదురెదురు జట్లలో పెట్టారు. ఆమె నాకు ఏదీ ఊరికే ఇవ్వలేదు. మొదట్లోనే నా చేతిలో బంతి గుంజుకుపోయింది. మళ్లీ వచ్చి నా మీదుగా బుట్ట వేసింది. బయట నిలబడ్డవాళ్లు ఎవరో "పాపం" అనడం వినిపించింది. తర్వాతసారి బంతి రాగానే ఆమెకు వీపు తిప్పాను. రింగు కింద మా జట్టు పిల్ల ఒకతి ఖాళీగా ఉంది. పాస్. బుట్ట. మళ్లీ అదే, ఇంకో పక్కకు. మూడోసారి ఆమె పాస్‌ను ఆపడానికి చెయ్యి చాచింది, పాస్ ఇవ్వకుండా రింగు వైపు తిరిగి నేనే వేశాను. ఆమె చెయ్యి నా మణికట్టుకు తగిలింది. విజిల్ మోగలేదు, సార్ చూడలేదు.

"నాది" అని చెయ్యెత్తి చెప్పింది. ట్రయల్స్‌లో ఎవరూ అలా చెప్పరు. సార్ తలపట్టుకున్నారు.

ఆట ముగిశాక సార్ నన్ను పక్కకు పిలిచారు. "జట్టులో ఉండావు. మొదట దిగేది ఆ పిల్లే. నువ్వు బెంచీ మీద నుంచి. సరేనా?"

సరేనన్నాను. నా ఆట పోలేదు. నాలో సంతోషం ఎంతో, బెంచీ అన్న మాటకు పుట్టిన రోషం ఎంతో చెప్పలేను.

ఆమె షూ లేసులు విప్పుకుంటోంది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఆ చోటు నాది" అన్నాను.

"తీసుకో" అంది తలెత్తకుండా. "అడిగితే మాత్రం ఇయ్యను."

"అడగను."

ఇంటికొచ్చేసరికి పాప నిద్రపోతోంది. అత్త ముందు ఫలితం అడిగింది, తర్వాత నా ముఖం చూసింది.

"తీసుకున్నారత్తా. కాకపోతే ముందు బెంచీ మీద కూర్చోవాలి."

"కుచ్చునేదానికా ఇన్ని రోజులు చీకట్లో పరిగెత్తినావు?"

"కొన్నాళ్లే అత్తా. రేపు పొద్దున మళ్లీ గ్రౌండ్‌కు పోవాలి."

ఆమె పాప మీద దుప్పటి సర్దింది.

"అయితే ఈ తూరి పెద్ద గిన్నెలో పాలు పిండిపెట్టి పో" అంది. "చిన్న గిన్నె సాల్డంలేదు దీనికి."