పెట్టె మీద నెమలికంఠం పీలిక

మా పెద్దమ్మ పోయిందని శివరాత్రి దాటాక ఒక ఉదయం ఫోను వచ్చింది. పెదనాన్నకు చెవులు వినపడవు కాబట్టి తోట పక్కనుండే గుజరాతీ ఆవిడ చేత చేయించాడు. నిద్రలోనే పోయిందట. నేను సూరత్‌లోనే, లింబాయత్‌లో చీరలకు రాళ్లు అంటించే పనిలో ఉన్నాను. చేతులకు జిగురు అలాగే ఉండగా ఆటో ఎక్కాను. దారంతా నా చెవిలో తిరిగింది మొన్ననే ఆమె ఫోనులో చెప్పిన మాట. "పల్లికాయ పలిగింది బిడ్డా. పిల్ల బయటికొచ్చింది. ఇగ నాలుగు రోజులు ఎండ మంచిగ కాస్తే సాలు."

ఆ మాట మీకు అర్థం కావాలంటే ఆమె తేనెటీగల సంగతి చెప్పాలి.

పెద్దమ్మ, పెదనాన్న సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చినవాళ్లు. ఏళ్ల తరబడి పవర్‌లూమ్‌ల మధ్య నిలబడి పెదనాన్న చెవులు పోయాయి. కార్‌ఖానా మానేసి, ఊరి బయట ఒక సేఠ్ మామిడి తోటలో ఇద్దరూ కాపలాకు కుదిరారు. కాపు పెరుగుతుందని సేఠ్ తేనెటీగల పెట్టెలు తెప్పించాడు. వాటిని తెచ్చిన మనిషి పని నేర్పుతుంటే పెదనాన్న బావి అవతల నిలబడ్డాడు. పెద్దమ్మ కొంగు బిగించి మూత తీసింది. అంతే, ఇక వాటిని వదల్లేదు.

పెదనాన్నతో అరిచి అరిచి ఆమె మామూలుగా మాట్లాడటం మర్చిపోయింది. ఉప్పు అడిగినా రోడ్డు మీదికి వినపడేది. పెట్టెల దగ్గర మాత్రం గొంతు తగ్గించేది. "వాటికి చెవులున్నాయా పెద్దమ్మా?" అని ఒకసారి ఆటపట్టించాను.

"ఉంటే ఏంది, లేకుంటే ఏంది? ఒకరింటికి పోయినప్పుడు ఒర్లుకుంట పోతమా?" అంది.

మునగ పూసి మామిడి పూత విచ్చుకునే రోజుల్లో ఆమెకు కాలు నిలిచేది కాదు. ఈగలతో కిక్కిరిసిన పెట్టెలోంచి కొత్త గుడ్లున్న చట్రాలు కొన్ని, అంటుకున్న ఈగలతో సహా తీసి ఖాళీ పెట్టెలో పెట్టేది. రాణి పాత పెట్టెలోనే ఉండేది. తమకు రాణి లేదని తెలియగానే కొత్త పెట్టెలోని ఈగలు కొన్ని పిల్లపురుగులను ఎంచుకుని, వేరే తిండి మేపి, రాణులుగా పెంచుతాయి. ఆ పిల్ల పెరిగే గది పల్లికాయలా కిందికి వేలాడుతుంది. ఎక్కువ పల్లికాయలు కడితే పెద్దమ్మ మంచిది ఒకటి ఉంచి, మిగిలినవి బ్లేడుతో కోసి, తలకిందులు కానివ్వకుండా రాణి లేని పెట్టెలకు మోసుకెళ్లేది. అప్పుడు ఆమెను ఎవరూ పలకరించకూడదు. పలకరిస్తే ఆ తర్వాత తిట్లు తినాల్సి వచ్చేది.

"రాణిని మనం చేస్తలేం. ఈగలే చేస్తయి. మనం జర జాగ ఇస్తం, గంతే," అనేది. నేను పదో తరగతి సెలవులకు వెళ్లినప్పుడు పాల మీది మీగడంతా నా కంచంలోనే వేసేది. "గుడ్డు అదే. తిండి మారితే రాణి అయితది. తిను," అనేది. నేను రాణిని కాలేదు. కానీ అమ్మ లేని నాకు సూరత్‌లో పుట్టిల్లంటే ఆ తోటే.

కొత్త రాణికి ఒక గండం ఉంది. పుట్టిన కొద్ది రోజులకు ఎండ పూట బయటికెగిరి, మగ ఈగలను కలిసి, మళ్లీ తన పెట్టెకే రావాలి. పెట్టెలన్నీ ఒక్కలాగే ఉంటాయి. పొరపాటున పక్క పెట్టెలో దూరితే అక్కడి ఈగలు చంపేస్తాయి. అందుకని పెద్దమ్మ ఒక్కో గుమ్మం పైన ఒక్కో రంగు గుడ్డ పీలిక, గాలికి ఊగకుండా మేకులతో కొట్టేది. ఎరుపు ఈగల కంటికి ఆనదని వాడేది కాదు. కార్‌ఖానాల్లో మిగిలే చిందీ ముక్కలే అవన్నీ.

ఒక ఉగాదికి ఆమె బజారుకు వెళ్లింది. పండగపూట పెట్టెలు కూడా ముచ్చటగా ఉండాలని పెదనాన్నకు బుద్ధి పుట్టింది. నేతగాడి కంటికి ఆ రంగురంగుల పీలికలు ఎప్పుడూ నచ్చలేదు. అన్నీ పీకేసి, కొత్త పసుపు గుడ్డ ఒకే కొలతకు కత్తిరించి, అంచులు కుట్టి, వరసగా కొట్టాడు. అప్పటికే ఒక పెట్టెలోని కొత్త రాణి బయటికి ఎగిరింది. పెద్దమ్మ తిరిగొచ్చి, యూనిఫాం వేసుకున్న బడిపిల్లల్లా ఉన్న పెట్టెలను చూసి నేల మీద కూర్చుండిపోయింది. మర్నాడు పక్క పెట్టె గుమ్మం ముందు రాణి చచ్చిపడి ఉంది.

ఆమె తిట్టలేదు. ఆయన చెవి దగ్గరికి వెళ్లి, "ఎంత సక్కగ కొట్టినవయ్యా. దాని ఇల్లు దానికి తెల్వకుంట చేసినవు," అంది.

పెదనాన్న ఆ రోజు అన్నం తినలేదు. సాయంత్రం ఆమె తన నెమలికంఠం రంగు చీర కొంగు చింపి ఆయన చేతిలో పెట్టింది. "రాణి పోయిన పెట్టెకు ఇది కొట్టు. ఈ రంగు ఇంకోదానికి పెట్టకు," అంది. ఆ తర్వాత ప్రతి వసంతానికీ పాత కార్‌ఖానా స్నేహితుల దగ్గరికి వెళ్లి ఏ రెండూ కలవని చిందీ ముక్కలు ఏరుకొచ్చేది ఆయనే.

పోయిన వానలకు పురుగు పట్టి పెట్టెల్లో ఈగలన్నీ పోయాయి. నెమలికంఠం పెట్టె ఒక్కటే మిగిలింది. ఖాళీవి ఇంకా ఆ వరసలోనే ఉన్నాయి కాబట్టి దానికి గుర్తు కావాల్సిందే. ఈ మాఘంలో అందులోని ముసలి రాణి కూడా పోయింది. ఈగలు ఒకే ఒక్క పల్లికాయ కట్టాయి. పెద్దమ్మ ఫోనులో చెప్పింది అందులోంచి వచ్చిన పిల్ల గురించే. అది తిరిగి రాకపోతే ఇంకో రాణిని చేసుకోవడానికి ఆ పెట్టెలో కొత్త గుడ్లు లేవు. ఆమె పెంచినవాటిలో ఇక ఏమీ మిగలదు.

మా ఇళ్లలో పోయినవాళ్లు కట్టిన బట్టలు ఉంచుకోరు. మూడోనాడు పెదనాన్న చెల్లెలు, మా అత్త, పెద్దమ్మ చీరలన్నీ తాపీ నదిలో వదలడానికి మూట కట్టింది. బయటికొస్తూ పెట్టె మీది పీలిక చూసింది. "గిది గూడ వదిన చీరదే," అంటూ ఒక మేకు పైకి లాగింది.

పెట్టె ఎదుట మంచం మీద కూర్చున్న పెదనాన్న చటుక్కున లేచాడు. "గది తియ్యకు చెల్లె. పిల్ల బయటికి పోయింది. ఇప్పుడే సూసిన."

అత్తకు ఏమీ అర్థం కాలేదు. నేను ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు తెచ్చి సంగతంతా చెప్పాను. మూట ఒళ్లో పెట్టుకుని ఆమె కూడా మాతోపాటు ఎండలో కూర్చుంది. పెదనాన్న పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. రాణి లేకపోతే లోపలి మోత గోలగా ఉంటుందని, ఉంటే ఒకే తీరుగా ఉంటుందని, చేత్తో తెలుసుకోవడం ఆయనకు పెద్దమ్మే నేర్పింది.

చాలాసేపటికి ఒక పొడుగాటి ఈగ నీలం గుడ్డ కింద వాలి, లోపలికి నడిచింది. ఆయన చెయ్యి తీయలేదు. మోత ఒకే తీరుకు వచ్చేదాకా ఆగి, వంటింటి వైపు తిరిగి, ఎప్పటిలాగే గట్టిగా కేకేశాడు.

"వచ్చిందే. పిల్ల ఇంటికొచ్చింది."

వంటింట్లో ఎవరూ లేరు. మా అత్త మూట కింద పెట్టి లేచి, తను పైకి లాగిన మేకును బొటనవేలితో మెల్లగా లోపలికి నొక్కింది.