అన్న మీసాలకు అంటిన పాశం

పొద్దున మనవరాలు ఫోన్ చూపించి, మధ్యాహ్నం మూడింటికి మన ఊళ్లో వాన పడుతుందని చెప్పింది. తెరమీద నల్లటి మబ్బు బొమ్మ, దాని కింద నాలుగు చుక్కలు. వాన కోసం బండ నాకినవాణ్ణి నేనని చెబితే నవ్వి అవతలికి వెళ్లిపోయింది. అందుకే మీకు చెబుతున్నాను.

సముద్రంలో పుట్టిన మబ్బులు పడమటి కొండల మీదే సగం బరువు దించేసుకుంటాయి. పాలమూరు దాటి మా నల్లగొండ దిక్కు వచ్చేసరికి ఖాళీ బిందెల్లా దొర్లుకుంటూ పోతాయి. తెలంగాణ వచ్చిన మరుసటేడు అనుకుంటాను, మృగశిర కార్తెలో ఒక జల్లు పడింది. ఇంకో వాన పడేదాకా ఆగమని అన్న అంటున్నా వినకుండా మా వదిన చెలకలో పత్తి గింజలు పెట్టించింది. మొలకలు రెండేసి ఆకులు విప్పాయి. ఆ తర్వాత ఆకాశం మొహం చాటేసింది. వదిన రోజూ వెళ్లి వాడిపోతున్న మొలకల పక్కన కూర్చొని వచ్చేది. పంట పోవడం ఒక ఎత్తు, బతికినన్నాళ్లు అన్న నోట 'ఆగమంటె ఇన్నవా' అనే మాట వినడం ఇంకో ఎత్తు.

చివరికి ఆమే ఆడవాళ్లను పోగుచేసి వరద పాశానికి సిద్ధం చేసింది. ఇంటింటా బియ్యం, బెల్లం అడిగి తెచ్చి, పాశం, అంటే బెల్లం పాయసం వండి, ఊరవతల కడిగిన బండమీద పోస్తారు. చేతులు వెనక్కి పెట్టుకొని, మోకాళ్ల మీద వంగి, పశువుల్లాగా నాలుకతోనే తినాలి. అప్పుడు వానదేవుడికి జాలి కలుగుతుందట. అన్న రానన్నాడు.

"నేనేమన్న ఎద్దునా, బండ నాకనీకి?"

వదిన గంటె చేతపట్టుకొని ముందు నడిచింది. మేమంతా ముక్కులకు బెల్లం, గడ్డాలకు మెతుకులు అంటించుకొని, ఒకరినొకరు చూసి పడీపడీ నవ్వుకుంటూ ఇళ్లకు చేరాం. మబ్బు జాడ లేదు. పొద్దుగూకే వేళ వదినకు గంటె బండ దగ్గరే మరిచిన సంగతి గుర్తొచ్చి, నన్ను తోడు తీసుకెళ్లింది. అక్కడ ఎవరో మోకాళ్ల మీద ఉన్నారు. చేతులు వెనక్కి పెట్టుకొని, మిగిలిన పాశాన్ని శ్రద్ధగా నాకుతున్నారు. మా అన్న.

నేను దగ్గబోయాను. వదిన నా భుజం పట్టుకుంది.

"సప్పుడు జెయ్యకు మరిదీ. తిననీ. గంటె రేపు తెచ్చుకుందం."

అన్న ఇంటికొచ్చి, ఎడ్లకు మేత వేసి వస్తున్నానన్నాడు. వదిన చెంబుతో నీళ్లందించింది.

"మీసాలు కడుక్కో, చీమలు వడ్తయ్."

తెల్లారేసరికి వాన. ఆ వానకు బండే కొట్టుకుపోయిందని, నేను ఈదుకుంటూ చెలకకు వెళ్లానని మనవలకు చెబుతుంటాను. నిజం చెప్పాలంటే బండ అక్కడే ఉంది, నాకు ఈత రాదు. తలకు చుట్టుకున్న తువ్వాల తడిసేంత వాన, అంతే. మొలకలకు అది చాలింది. అన్న నోట ఆ పత్తి మాట మళ్లీ రాలేదు.

ఇవాళ మూడింటికి చినుకు పడలేదు. నాలుగు దాటాక మట్టి వాసన వచ్చింది. అరుగు మీద కూర్చున్న అన్న ఆకాశం వైపు చూసి, ఊరికే మీసాలు తుడుచుకున్నాడు. పక్కనే వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాబోయే వాన సంగతి ఫోనుకు తెలుస్తుందేమో గానీ, ఏనాడో కురిసి వెలిసిన వాన మాత్రం ఇంకా మా అన్న మీసాల్లోనే ఉంది.