లైన్‌మాన్ ఎలీషాగారి నెబ్యులా

మా ఆయన ఎలీషాగారు లైన్‌మానండి. ఓడలరేవు రోడ్డు మీద నాలుగు ఊళ్ళకి వెలుగిచ్చే ఉద్యోగం. ఆ మనిషికి కావలసింది మాత్రం చీకటి. ఇంతకన్నా విడ్డూరం ఎక్కడైనా ఉందా?

ఆకాశంలో వరసగా మూడు చుక్కలుంటాయి చూడండి, వాటి కిందన మసగ్గా ఓ మరక. అది మరక కాదట, కొత్త చుక్కలు పుట్టే పొగమబ్బట. నెబ్యులా అంటారట. పెళ్ళైన కొత్తలో సినిమాకి తీసుకెళ్తారనుకుని ముస్తాబై కూర్చుంటే, డాబా ఎక్కించి దాన్ని చూపించేరు మహానుభావుడు.

ఇన్నేళ్ళూ మామూలు కెమెరాతోనే తంటాలు పడ్డారు. ఈ ఏడు వానలు తగ్గేక, నెబ్యులాల కోసమే చేసిన కెమెరా ఒకటి తెప్పించేరు. దానికి బటనూ ఉండదు, కన్నుపెట్టి చూసే కిటికీ ఉండదు. టెలిస్కోపు వెనక బిగించి లాప్‌టాప్‌తో నడపాలి. ఫొటో గరుగ్గా రాకుండా లోపల ఫ్రిజ్జులా చల్లబడాలట. రోజూ కంచంలో అన్నం చల్లారిపోయేది గాని, కెమెరా చల్లబడేది కాదు. ఎందుకో తెలుసా? ఉప్పుగాలికి పాడవుతాయని రొయ్యల చెరువుల మీద మోటార్లకి మేం ప్లాస్టిక్ సంచి కడతాం కదా, ఈయన దీనికీ సంచి తొడిగి ముడేసేరు. వెనకున్న ఫానుకి గాలాడితేనా! నెల్లాళ్ళు చూసి చూసి, ఓ సాయంత్రం విసుగొచ్చి ఆ సంచి నేనే పీకి పారేసేను. కెమెరా చల్లబడింది.

"ఎలా కనిపెట్టేవు లిడియా?" అన్నారు.

"కనిపెట్టలేదండి, ఒళ్ళు మండింది," అన్నాను.

ఇంకో చిక్కుంది. ఆ నెబ్యులా బాగా కనపడేది డిసెంబర్లో. డిసెంబరొస్తే మా పేటలో ప్రతి ఇంటి మీదా వెదురుగడకి క్రిస్మస్ స్టారు వెలగాల్సిందే. చర్చి మీద స్టారైతే సంఘపెద్ద, మా మావయ్యగారు ఏసుపాదంగారు సొంతంగా బద్దలు చీల్చి కట్టింది. ఆ వెలుగంతా పడి ఫొటోలు పాలు ఒలికినట్టు తెల్లగా వచ్చేవి. సంఘపెద్ద కట్టిన స్టారు ఆర్పమని అడిగే గుండె ఎవరికుంది?

క్రిస్మస్ ముందు శనివారం చర్చిలో పిల్లల నాటకం. పేటంతా అక్కడే ఉంది. మేమిద్దరం డాబా మీదున్నాం. కెమెరా మొదటిసారి చెప్పినమాట వింటోంది. ఇంతలో కరెంటు పోయింది. పేటలో ఒక్క స్టారూ వెలగడంలేదు. లాప్‌టాప్, టెలిస్కోపు బ్యాటరీ మీద నడుస్తున్నాయి. తెర మీదకి ఫొటో వచ్చిందండి. ఎర్రగా, రెక్కలు విప్పుకున్నట్టుగా ఉంది, మధ్యలో తెల్లటి వెలుగు. ఈయన ఇన్నాళ్ళూ దీనికోసమా అల్లాడింది అనుకున్నాను. ఆయన కళ్ళు తడిసిపోయేయి.

రెండే రెండు ఫొటోలు చూసుకుని, లేచి చెప్పులేసుకున్నారు.

"ఏవండీ, ఇవాళ్టికి ఇంకొకర్ని పంపకూడదా?"

"పిల్లలు వేషాలేసుకుని చీకట్లో నుంచున్నారే," అని టార్చి తీసుకుని దిగిపోయేరు.

చర్చి వెనక తీగ మీద ఎండు కొబ్బరిమట్ట పడిందట. అది తీసి కరెంటిచ్చేరు. ఇక్కడ నా కళ్ళముందే తర్వాతి ఫొటోలన్నీ తెల్లబడిపోయేయి.

స్తంభం దిగేసరికి పక్కింటి వీరాయమ్మగారు, "ఏం ఎలీషా, ఫొటో అయిపోయిందా?" అన్నారట. నవ్వులాటకే అన్నారు. మావయ్యగారు నవ్వలేదు. "ఫొటోల కోసం పసిపిల్లల్ని చీకట్లో పెడతావురా?" అన్నారు అందరి ముందూ. ఈయన మట్ట చూపిస్తే, "తాటిచెట్టెందుకెక్కేవంటే దూడమేతకన్నాడట నీలాంటోడే. మట్ట ఏ చెట్టు కిందైనా దొరుకుతుంది," అనేసేరు.

ఇంటికొచ్చి కెమెరా పెట్టెలో పెట్టి అటకెక్కించేసేరీయన. మర్నాడు ఆరాధనలో తండ్రీకొడుకులు ఎడమొహం పెడమొహం. ఈయన ఊరేమనుకున్నా దులిపేసుకునే మనిషే. నాన్న తనని దొంగని చేసేడని తిండి మానేసేరు. నాకు కోపం వచ్చింది. లాప్‌టాప్ చంకన పెట్టుకుని మావయ్యగారింటికి వెళ్ళేను.

"మావయ్యగారూ, కరెంటు లేనప్పటి ఫొటోలివి. ఈ తెల్లటివన్నీ వచ్చేకవి. ఆయన చూసుకున్నవి రెండే, మిగతావి నేను చూసేను. కావాలని కరెంటు తీసినవాడు పరిగెత్తుకెళ్ళి తన చేత్తోనే ఇలా చెడగొట్టుకుంటాడా అండి?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసేరు.

"ఇది మన ఆకాశంలోదేనా అమ్మాయ్?"

"ఆయ్, మా డాబా మీంచి తీసిందేనండి."

ఆ సాయంత్రం మా మెట్లు ఎక్కలేక ఎక్కుతూ డాబా మీదకొచ్చేరు. ఈయన లేచి నిలబడ్డారు.

"ఆ మట్ట మాట నేననకూడదురా. తప్పు నాదే," అన్నారు మావయ్యగారు. ఆయాసం తీర్చుకుని, "ఈసారి కరెంటు పోతే వెంటనే వెళ్ళిపోకు. ఓ పది నిమిషాలాగు. అంతదాకా చర్చిలో అందరిచేతా నేను పాట పాడిస్తాను," అన్నారు.

"అలా కుదరదు నాన్నా," అన్నారీయన, కళ్ళు తుడుచుకుంటూ.

"తెలుసురా," అన్నారు మావయ్యగారు.